రాకెట్ పట్టిన చెయ్యి నొస్తోందా? ఆట మానకండి, భారం మార్చండి

కొత్త టెన్నిస్ రాకెట్ కొన్నారు. పొద్దున్నే ఐదున్నరకే లేచి కోర్టుకు వెళ్తున్నారు. మూడో వారానికి బంతి నెట్ దాటడం మొదలైంది. అదే వారంలో మోచేయి నొప్పీ మొదలైంది. ఇప్పుడు స్కూటర్ తాళం తిప్పినా నొప్పే, పొయ్యి మీది పాలగిన్నె దించినా నొప్పే. తలుపు గడియ తియ్యాలంటే రెండో చెయ్యి ముందుకొస్తోంది.

ఇంట్లో చెబితే అమ్మ ఏమంటుంది? "ఈ వయసులో నీకీ ఆటలెందుకు నాయనా, మానెయ్యరాదా!" కోర్టులో చెబితే తోటి ఆటగాడు ఏమంటాడు? "మొదట్లో అందరికీ నొస్తాదన్నా, ఆడతా ఉంటే అదే పోతాది." ఒకరు పూర్తిగా మానమంటారు, ఇంకొకరు పట్టించుకోవద్దంటారు. ఇద్దరూ మీ మంచి కోరేవాళ్లే. కానీ ఈ రెండు సలహాల్లో ఏది పాటించినా మీకు మేలు జరగదు.

మూడో దారి ఒకటుంది. చెయ్యి మోస్తున్న భారాన్ని కొలవడం, తగ్గించడం, మళ్లీ మెల్లగా పెంచడం. ఈ అధ్యాయమంతా ఆ దారి గురించే.

అసలేం జరిగింది?

కొత్తగా ఆట మొదలుపెట్టినప్పుడు ఊపిరి కొద్ది వారాల్లోనే అలవాటు పడుతుంది. కండరాలు కూడా త్వరగానే అందుకుంటాయి. కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువు మాత్రం అంత తొందరగా బలపడదు, దానికి నెలలు కావాలి. మీరు ఉత్సాహంగా ఆట సమయం పెంచుకుంటూ పోయారు, స్నాయువు వెనకబడింది. అంతే జరిగింది. అలిపిరి మెట్లు తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. మొదటి మెట్లు పరుగున ఎక్కినవాళ్లు గాలిగోపురం చేరకముందే చతికిలబడతారు, నిదానంగా ఎక్కినవాళ్లు 3,550 మెట్లూ ఎక్కి స్వామి దర్శనం చేసుకుంటారు.

ఇంకో మాట. ఈ మోచేయి నొప్పికి టెన్నిస్ ఎల్బో అని పేరున్నా, అది వచ్చేవాళ్లలో ఎక్కువమంది రాకెట్ ముట్టనివాళ్లే. పట్టు బిగించి అదే పని మళ్లీ మళ్లీ చేసే ఎవరికైనా రావచ్చు. మాధవమాలలో ఉలి పట్టి చెక్కబొమ్మలు చెక్కేవాళ్లకూ రావచ్చు, చిత్తూరు పల్లెల్లో చేత్తో పాలు పితికేవాళ్లకూ రావచ్చు. క్రికెట్ ఆడే సచిన్ టెండూల్కర్‌ను 2004లో పట్టుకుని, 2005 మేలో లండన్‌లో శస్త్రచికిత్స దాకా తీసుకెళ్లింది ఈ నొప్పే. కాబట్టి "నా ఒళ్లు ఆటకు పనికిరాదేమో" అన్న దిగులు ముందు వదిలేయండి.

ముందు నొప్పి ఎక్కడో వేలు పెట్టి చూపండి

"చెయ్యంతా నొస్తా ఉంది" అంటే దారి దొరకదు. ఒక్క వేలితో చూపించండి.

మోచేయి బయటి బొడిపె దగ్గరైతే అది టెన్నిస్ ఎల్బో కావచ్చు. ఇంట్లోనే చూసుకోవచ్చు. చెయ్యి ముందుకు చాపి, అరచేయి కిందికి ఉంచి, మధ్యవేలు పైకెత్తండి. రెండో చేత్తో ఆ వేలిని కిందికి నొక్కండి. బయటి బొడిపె దగ్గర కలుక్కుమంటే అనుమానం బలపడినట్టే. కొత్తవాళ్లలో ఇది ఎక్కువగా బ్యాక్‌హ్యాండ్ వల్ల వస్తుంది.

మోచేయి లోపలి వైపైతే ఫోర్‌హ్యాండ్‌లో, సర్వీస్‌లో మణికట్టును విదిలిస్తున్నారేమో చూసుకోండి.

మణికట్టులో బొటనవేలి వైపైనా, చిటికెన వేలి వైపైనా నొస్తే పిడి పట్టు తీరును, మణికట్టు మెలిక పడుతున్న తీరును కోచ్‌కు చూపించండి.

భుజం ముందువైపో పైవైపో నొస్తే సర్వీసులు ఎక్కువయ్యాయేమో చూసుకోండి.

అరచేతిలో బొబ్బలొస్తే పిడి చేతిలో తిరుగుతోంది. చెమటో, పిడి కొలతో కారణం.

ముంజేయి మొత్తం బరువుగా ఉండి రెండు రోజుల్లో తగ్గిపోతే? అది కొత్త పని చేసిన కండరాల నొప్పి. భయపడే పని లేదు. ఒకే చోట పట్టుకుని, వారం దాటినా వదలకపోతేనే జాగ్రత్తపడాలి.

భారం తగ్గించే ఎనిమిది పనులు

1. పట్టు సడలించండి. కొత్తవాళ్లు రాకెట్‌ను పారిపోతుందేమో అన్నట్టు పట్టుకుంటారు. ఇది చాలా మామూలు తప్పు, చాలా నొప్పికి మూలం. ఎంత బలంగా పట్టగలరో దాన్ని 10 అనుకోండి. బంతి కోసం ఎదురుచూసేటప్పుడు 3 చాలు. బంతి తగిలే క్షణంలో చెయ్యి దానంతటదే బిగుస్తుంది, ఆ పని దానికే వదిలేయండి. రెండు షాట్ల మధ్య రాకెట్ మెడను ఎడమ చేత్తో పట్టుకోండి, కుడి చేతికి ఆ కాసేపు విశ్రాంతి దొరుకుతుంది. ఎడమచేతి వాటమైతే తిప్పి చదువుకోండి.

2. బంతిని ఒంటికి ముందే కలవండి. మీరు బంతిని ఎక్కడ కొడుతున్నారు? పక్కకు వచ్చాక కొడుతున్నారంటే ఆలస్యమైనట్టే. అప్పుడు కాళ్ల బలం, నడుము బలం అందవు, దెబ్బంతా మోచేయే మోస్తుంది. బంతి అవతలి రాకెట్‌ను వదలగానే భుజాలు తిప్పేయండి. ఈ ఒక్క అలవాటుతో సగం షాట్లు సమయానికి తగులుతాయి.

3. బ్యాక్‌హ్యాండ్‌కు రెండు చేతులు వాడండి. ఒంటిచేత్తో కొట్టే కొత్తవాళ్లకు మణికట్టు లోపలికి మడిచి, మోచేయి ముందుకు తోసే అలవాటు ఉంటుంది. స్నాయువుకు అది చాలా కష్టమైన భంగిమ. రెండు చేతులతో కొడితే అవి ఆ భారాన్ని పంచుకుంటాయి. ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్ అందంగానే ఉంటుంది, దాన్ని తర్వాత నేర్చుకోవచ్చు.

4. పిడి కొలత చూసుకోండి. రాకెట్ మామూలుగా పట్టుకోండి. ఉంగరపు వేలి కొసకూ అరచేతి కండకూ మధ్య ఎడమచేతి చూపుడువేలు పట్టేంత సందుండాలి. వేలు దూరకపోతే పిడి సన్నం, సందు మరీ ఎక్కువైతే లావు. సన్నదైతే పిడి మీద ఓవర్‌గ్రిప్ పట్టీ చుట్టించి సరిచేయొచ్చు. లావుదాన్ని తగ్గించడం కష్టం, కాబట్టి కొనేటప్పుడే చూసుకోండి.

5. గట్టింగ్ (రాకెట్ తీగల అల్లిక) మెత్తగా వేయించండి. ఒక సందర్భం ఊహించుకుందాం. అకాడమీలో ఆడే కొడుకు వాడి వదిలేసిన రాకెట్‌తో నలభై ఏళ్ల తండ్రి ఆట మొదలుపెట్టాడు. అందులో బిగుతుగా లాగిన పాలియెస్టర్ గట్ ఉంది. రోజూ గంటలకొద్దీ ఆడే కుర్రాడి వేగానికి అది సరిపోయింది. నిదానంగా కొట్టే తండ్రికి మాత్రం ప్రతి దెబ్బా మోచేతిలో మోగుతుంది. ఇందులో తండ్రి తప్పు లేదు, రాకెట్‌దీ లేదు. గట్ మార్చాలి, అంతే. సింథటిక్ గట్ గానీ మల్టీఫిలమెంట్ గానీ అడగండి. ఇప్పుడున్న టెన్షన్ (తీగల బిగుతు) కంటే 2 నుంచి 4 పౌండ్లు తక్కువ పెట్టమనండి. 50 పౌండ్ల దగ్గర మొదలుపెడితే చాలామంది కొత్తవాళ్లకు సరిపోతుంది. మరీ తేలికైన రాకెట్ చేతికి మంచిదనుకోవడం పొరపాటు. బరువు బాగా తక్కువైతే బంతి తగిలిన అదురు నేరుగా చేతికెక్కుతుంది.

6. బంతి మార్చండి, దూరం తగ్గించండి. పచ్చచుక్క బంతి మామూలు బంతి కంటే సుమారు 25 శాతం నిదానం, నారింజ చుక్కది 50 శాతం నిదానం. పిల్లల బంతులని సిగ్గుపడొద్దు, నేర్చుకునేవాళ్లందరికీ అవి పనికొస్తాయి. నెట్‌కు 6.4 మీటర్ల దూరంలో ఉండే సర్వీస్ గీత దగ్గర నిలబడి ఆడండి. గాలిపోయిన బంతులను పక్కన పెట్టండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తిరుపతి, చిత్తూరు వైపు వానలెక్కువ. తడిసిన బంతి బరువెక్కుతుంది, దాన్ని కొట్టడానికి చెయ్యి ఇంకా కష్టపడుతుంది. కోర్టు, బంతులు ఆరాకే ఆడండి.

7. చెమటకు ఏర్పాటు చేసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. చెమటకు పిడి జారుతుంది, జారితే మీరు ఇంకా గట్టిగా పట్టుకుంటారు, గట్టిగా పట్టుకుంటే మోచేయి నొస్తుంది. ఈ వరుస తెలియక చాలామంది కీలు అరిగిపోయిందని దిగులుపడతారు. మణికట్టుకు చెమట పట్టీ, జేబులో చిన్న తువ్వాలు, నెలకోసారి కొత్త ఓవర్‌గ్రిప్ పెట్టుకోండి. ఎండాకాలంలో ఏడు గంటలకల్లా ఆట ముగించండి.

8. కోర్టు బయటి భారాన్ని లెక్కపెట్టండి. ఆట గంటే. మిగతా రోజంతా ఆ చెయ్యి ఏం చేస్తోంది? సంగటి గెలుకుతోంది, తడి బట్టలు పిండుతోంది, 20 లీటర్ల నీళ్ల క్యాను ఎత్తుతోంది, ఆఫీసులో మౌస్ పట్టుకుంటోంది, చిత్తూరు నుంచి తిరుపతి దాకా బండి యాక్సిలరేటర్ తిప్పి పట్టుకుంటోంది. నొప్పి ఉన్న రోజుల్లో ఏ వస్తువునైనా అరచేయి కిందికి పెట్టి కాకుండా, పైకి పెట్టి, మోచేయి ఒంటికి దగ్గరగా ఉంచి ఎత్తండి. క్యాను ఇంట్లో ఇంకొకరిని ఎత్తమనండి. అడగడం చిన్నతనం కాదు.

చెయ్యకూడని ఐదు పొరపాట్లు

ఒకటి, ఆటకు ముందు నొప్పి మాత్ర. మాత్ర నొప్పిని దాస్తుంది, భారాన్ని కాదు. ఆడిన గంట హాయిగా గడుస్తుంది, మర్నాడు చెయ్యి లేవదు. బీపీ, కిడ్నీ, కడుపు సమస్యలున్నవాళ్లకు ఈ మాత్రలు వేరే హాని కూడా చేస్తాయి. డాక్టర్ చెప్పకుండా వేసుకోకండి.

రెండు, గోడకు కొట్టడం. తోడు దొరక్కపోతే గోడ మంచిదే అనిపిస్తుంది. గోడ నుంచి బంతి వేగంగా తిరిగొస్తుంది, మీరు ఆలస్యంగా కొడతారు, పైగా విరామం ఉండదు. కోర్టులో గంటలో కొట్టే బంతులు గోడ దగ్గర పావుగంటలో అయిపోవచ్చు. నొప్పి తగ్గేదాకా గోడ జోలికి పోకండి.

మూడు, కట్టు కట్టి నెలల తరబడి చేతిని కదపకపోవడం. మన ప్రాంతంలో చెయ్యి నొస్తుందంటే చాలు, "పుత్తూరు పోయి కట్టు కట్టించుకోనిరా" అంటారు. పుత్తూరు కట్టుకు మూడు రాష్ట్రాల్లో పేరుంది. పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో ఎముకలు కట్టే ఆ విద్యను నమ్మి తరతరాలుగా జనం వెళ్తున్నారు. అది విరిగిన ఎముకను కదలకుండా నిలిపే పద్ధతి. మీ నొప్పి స్నాయువుది. స్నాయువుకు కొలిచిన కదలిక కావాలి. వారాల తరబడి కట్టేస్తే కీలు బిగుసుకుంటుంది, కండరం సన్నబడుతుంది, కట్టు విప్పాక చెయ్యి మునుపటికంటే బలహీనమవుతుంది. కోర్టులో పడి దెబ్బ తగిలి ఎముక మీద అనుమానముంటే అది వేరే సంగతి. అప్పుడు ముందు ఎక్స్‌రే తీయించండి.

నాలుగు, తొందరపడి స్టెరాయిడ్ ఇంజెక్షన్. నాలుగు రోజుల్లో నొప్పి మాయమవుతుంది, నిజమే. కానీ ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో జరిపిన పరిశోధనలు 2006లోనూ, 2013లోనూ ఒకే సంగతి తేల్చాయి. ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్లకు మొదటి వారాల్లో బాగా తగ్గినా, ఏడాది తిరిగేసరికి వేయించుకోనివాళ్లే మెరుగ్గా ఉన్నారు. డాక్టర్ సూచిస్తే ఈ మాట అడిగి, వివరంగా మాట్లాడి నిర్ణయించుకోండి.

ఐదు, తగ్గగానే పాత లెక్కకు పోవడం. పది రోజులు ఆపారు, నొప్పి లేదు. ఆదివారం స్నేహితులు పిలిచారు, రెండు గంటలు ఆడారు. సోమవారం మళ్లీ మొదటికొచ్చారు. ఇలా ఎన్నిసార్లు జరిగింది? నొప్పి తగ్గిందంటే స్నాయువు బలపడిందని కాదు. బలం వ్యాయామంతోనే వస్తుంది.

రోజూ పది నిమిషాలు: చేతికి బలమిచ్చే వ్యాయామాలు

జిమ్ అక్కర్లేదు. అర లీటరు నీళ్ల సీసా, ఒక కుర్చీ, ఒక బల్ల చాలు.

కదలకుండా మోయడం. ముంజేతిని బల్ల మీద ఆనించండి. మణికట్టు అంచు దాటి బయటుండాలి, అరచేయి కిందికుండాలి. సీసా పట్టుకుని, మణికట్టు ముంజేతితో సమంగా ఉండేలా 30 నుంచి 45 సెకన్లు నిలపండి. ఒక నిమిషం విరామం. ఇలా నాలుగైదు సార్లు. నొప్పి ఎక్కువగా ఉన్న మొదటి రోజుల్లో ఇదొక్కటే చెయ్యండి.

నిదానంగా దించడం. అదే భంగిమలో రెండో చేత్తో సీసాను పైకి ఎత్తండి. నొస్తున్న చేత్తో మనసులో నాలుగు అంకెలు లెక్కపెడుతూ కిందికి దించండి. 10 నుంచి 15 సార్లు, మూడు విడతలు, రోజు విడిచి రోజు. సులువైపోతే సీసా పెద్దది చేయండి.

తువ్వాలు పిండడం. చుట్టిన పొడి తువ్వాలును రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ నిదానంగా పదేసి సార్లు మెలితిప్పండి.

గోడ తోయడం. గోడకు రెండు చేతులు ఆనించి 10 నుంచి 15 సార్లు వంగి లేవండి. భుజం బలంగా ఉంటే మోచేతి మీద బరువు తగ్గుతుంది.

చేసేటప్పుడు నొప్పి వస్తే ఆపాలా? ఇదుగో కొలత. నొప్పికి 10కి మార్కులు వేయండి. 3 లోపు ఉండి, మర్నాటి ఉదయానికి మామూలుగా అయిపోతే కొనసాగించండి. 3 దాటినా, పొద్దున లేచేసరికి పెరిగినా బరువు తగ్గించండి. ఇదే కొలత ఆటకూ వర్తిస్తుంది. దీన్ని డైరీలో రాసుకోండి, రోజుకు ఒక్క అంకె చాలు.

కోర్టుకు తిరిగి వెళ్లే ఆరు వారాలు

1, 2 వారాలు: బంతి కొట్టొద్దు. వ్యాయామాలు, నడక, కాళ్ల కదలికల సాధన. కోర్టుకు మాత్రం వెళ్లండి. అలవాటు తెగకూడదు.

3వ వారం: సర్వీస్ గీత దగ్గర నుంచి నిదానం బంతులతో 15 నిమిషాలు, రోజు విడిచి రోజు. ఫోర్‌హ్యాండ్ మాత్రమే.

4వ వారం: 25 నిమిషాలు. రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ కలపండి.

5వ వారం: వెనక గీతకు వెళ్లండి, మామూలు బంతులు వాడండి. 30 నిమిషాలు.

6వ వారం: 15 సర్వీసులతో మొదలుపెట్టి డబుల్స్ ఆడండి. డబుల్స్‌లో మీకొచ్చే బంతులు తక్కువ, మధ్యలో విశ్రాంతి ఎక్కువ.

ఏ వారంలోనైనా నొప్పి 3 దాటితే ఒక వారం వెనక్కి వెళ్లండి. వెనక్కి వెళ్లడం ఓటమి కాదు, లెక్క సరిచేసుకోవడం. కొందరికి ఈ ఆరు వారాలు పన్నెండవుతాయి. టెన్నిస్ ఎల్బో పూర్తిగా వదలడానికి కొన్ని నెలలు పట్టొచ్చు, కొందరికి ఏడాది కూడా పడుతుంది. కానీ ఎక్కువమందికి కత్తి పెట్టకుండానే తగ్గుతుంది. ఆడేటప్పుడు మోచేతికి రెండు వేళ్ల కింద బిగించే పట్టీ కొందరికి ఉపశమనమిస్తుంది, వాడి చూడొచ్చు. అది వ్యాయామానికి బదులు మాత్రం కాదు.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి?

ఆరు వారాలు పద్ధతిగా చేసినా మార్పు లేకపోతే వెళ్లండి. వేళ్లు తిమ్మిరెక్కుతుంటే, మెడ నుంచి చేతిలోకి నొప్పి పాకుతుంటే, పట్టు సడలి వస్తువులు జారిపోతుంటే, రాత్రి నిద్ర పట్టనివ్వకపోతే ఆరు వారాలు ఆగొద్దు. కీలు వాచి ఎర్రబడినా, ఏదో తెగినట్టు చప్పుడై చెయ్యి లేవకపోయినా అదే రోజు వెళ్లండి. తిరుపతిలో ఎముకలూ కీళ్ల వైద్యానికి టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రి ఉంది, స్విమ్స్, రుయా ఉన్నాయి. చిత్తూరు వైపువాళ్లకు వేలూరు సీఎంసీ దగ్గరే. వెళ్లినప్పుడు "ఫిజియోథెరపిస్టును కలవాలా?" అని తప్పకుండా అడగండి.

ఒక్క హెచ్చరిక. నలభై దాటినవాళ్లు దీన్ని రెండుసార్లు చదవండి. ఆడుతుండగా గానీ, ఆడాక గానీ చెయ్యి లాగుతూ, దాంతోపాటు ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, ఆయాసం వస్తే అది రాకెట్ నొప్పి కాకపోవచ్చు. గుండెపోటు కావచ్చు. కూర్చోండి, 108కి ఫోన్ చేయించండి. బండి నడుపుకుంటూ ఇంటికి పోకండి.

భారం మార్చుకుని గెలిచినవాళ్లు

హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జాకు 2008లో కుడి మణికట్టు గాయమై శస్త్రచికిత్స దాకా వెళ్లింది. 2009 ఫిబ్రవరిలో ఆమె మహేశ్ భూపతితో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచింది. తర్వాత గాయాలు మళ్లీ వెంటాడాయి. అప్పుడామె ఆట మానలేదు. సింగిల్స్ వదిలి డబుల్స్ మీద దృష్టి పెట్టింది. 2015 ఏప్రిల్‌లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. ఒళ్లు ఎంత మోయగలదో తెలుసుకుని, దానికి తగ్గ ఆటను ఎంచుకోవడం బలహీనత కాదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

మీకు గ్రాండ్‌స్లామ్ అక్కర్లేదు. యాభై, అరవై ఏళ్లొచ్చినా పొద్దున్నే స్నేహితులతో నాలుగు ర్యాలీలు ఆడగలిగితే చాలు. అందుకోసం ఈ రోజే మూడు పనులు చేయండి. నొప్పి ఉన్న చోట వేలు పెట్టి, 10కి ఎన్ని మార్కులో రాసుకోండి. రాకెట్ చేతిలోకి తీసుకుని పిడి సందు చూడండి. సాయంత్రం నీళ్ల సీసాతో మొదటి వ్యాయామం నాలుగు సార్లు చేయండి. రేపటి నుంచి ఆ డైరీలోని అంకె చెప్పినట్టు నడుచుకోండి. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు ఆడాలో ఇక మీరు ఎవరినీ అడగనక్కర్లేదు.